మూలిక వేయని గొట్టం

“పరీక్షలో ఏ అంకె వస్తే ఆ అంకే మందు డబ్బా మీద అచ్చవుతుంది. ఇది నా మాట.” మా మూలికా పరిశోధనాలయం తెరిచిన రోజు డైరెక్టరు వామనమూర్తి మైకు ముందు అన్న మాట ఇది. ఏడాది తిరక్కుండానే, షుగరుకు వాడే నేలవేము పొడి బలం నూటికి తొంభై ఒకటి అని తానే రాయించి, ఆ కాగితాన్ని సంతకానికి పరిశోధక విద్యార్థి శౌరి ముందు పెట్టాడు. శౌరి చీకటి పెట్టెలో ఉంచి కొలిస్తే వచ్చింది నలభై మూడు. డైరెక్టరు మనుషులు కొలిచింది కిటికీ పక్కన, ఎండలో. ఆ అంకెను నమ్మి షుగరు మాత్రలు మానేసేవాళ్ళు ఎవరో ఆయన అడగలేదు.

శౌరి ఆ కాగితం పట్టుకుని గురువు వకుళగారి దగ్గరికి వెళ్ళాడు.

“సంతకం పెట్టకపోతే నా పీహెచ్‌డీ ఆగుతుంది. పెడితే నేనేమవుతాను మేడమ్? మౌనం కూడా నేరమే, సత్యమే మన ఆయుధం...”

“ఊరేగింపు తర్వాత చేద్దువుగాని. ముందు ఒక గొట్టం కడుగు” అన్నారావిడ. వాదించే అలవాటు లేని మనిషి.

గొట్టంలో ఊదారంగు ద్రావణం పోయించారు. మూలిక రసం ఆ రంగును ఎంత పోగొడితే దానికి అంత బలమని లెక్క. ఆవిడ మాత్రం అందులో ఏ రసమూ వేయనివ్వలేదు. అలాగే కిటికీలో పెట్టించారు. మధ్యాహ్నానికి రంగు సగానికి పైగా వెలిసింది. దాన్ని తీసుకుని ఇద్దరూ డైరెక్టరు గదికి వెళ్ళారు.

“ఈ రంగు ఎందుకు పోయిందంటారు?” అని అడిగారు వకుళగారు.

వామనమూర్తి గొట్టాన్ని వెలుగుకెత్తి మురిసిపోయాడు. “మొక్క బలమమ్మా. మన అడవి సరుకంటే ఏమనుకున్నారు? మీ శిష్యుడికే నమ్మకం లేదు.”

“ఇందులో మొక్క వేయలేదండీ.”

ఆయన గొట్టాన్ని బల్ల మీద పెట్టేశాడు. నవ్వు తెచ్చుకుని, “ఎండకి ఏదైనా వెలుస్తుంది. దానికింత రాద్ధాంతమా? చూద్దాం లెండి” అన్నాడు.

శౌరి నోరు తెరవబోయాడు. వకుళగారు చెయ్యి అడ్డుపెట్టి, అతని చేతిలోని కాగితాన్ని ఆ బల్ల మీదే పరిచారు.

“సంతకం చోట రాయి: ‘ఈ తొంభై ఒకటిలో ఎండ వాటా ఎంత?’ కింద నా పేరు ముందు, నీ పేరు తర్వాత. డబ్బాలు అచ్చుకెళ్ళేలోగా జవాబు కావాలి. గడువు ఆగస్టు పద్నాలుగు.”