గడ్డకట్టని సరేసు

లతీఫ్‌కి ఆ పూట పట్టరాని కోపం వచ్చింది. తోటి శిష్యుడు దావూద్ మళ్లీ తాగి వచ్చాడు. అదీ ఎప్పుడు? రేపు ఉరుసనగా!

సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాలో బురాన్ షా బాబాకు శిష్యులు ఎందరున్నా, భారమంతా లతీఫ్‌దే. వాకిలి ఊడవడం దగ్గర్నుంచి వచ్చినవాళ్లకు అన్నం పెట్టేదాకా అన్నీ తనే చూసుకునేవాడు. మనిషి బంగారమే. నోరే నిప్పు.

"ఇంక ముట్టనని బాబా చేతిలో చెయ్యేసి చెప్పావు. సిగ్గులేదట్రా?" అన్నాడు.

దావూద్ గడపలో కూలబడ్డాడు. "తప్పయిపోయింది అన్నా. ఇక్కడ కూడా వద్దంటే నాకింకెవరున్నారు? ఆ సముద్రమే గతి" అని ఏడ్చాడు.

"తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందట. పో! నీ మొహం మళ్లీ చూపించకు" అని లతీఫ్ తలుపేసేశాడు.

లోపల బాబా అంతా విన్నారు. మూలనున్న పండుగప్ప చేప తోళ్ల గంప చూపించి, "బేటా, సరేసు కాచు. ఖురాను అట్ట ఊడింది, రేపటికి అంటించాలి" అన్నారు.

ఆ దర్గాలో ఖురానుకు బజారులో దొరికే సరేసు జిగురు వాడరు. అది ఏ జంతువు తోలుతో చేశారో ఎవరికెరుక? చేపదైతే ఏ అనుమానమూ లేదు. అందుకని చేపలవాళ్లు పారేసే తోళ్లు తెచ్చి, శుభ్రంగా కడిగి, నీళ్లలో వేసి సన్నని సెగ మీద ఉంచుతారు. ఆవిరి రావాలి గానీ నీళ్లు మరగకూడదు. వడగట్టి చల్లారిస్తే జున్నులా గడ్డకడుతుంది. నిదానమే ప్రధానమన్న మాట ఆ పనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

లతీఫ్‌కి ఆరోజు నిదానం ఎక్కడిది? తాను అన్న మాటలు, ఇంకా అనాల్సిన మాటలు నెమరేసుకుంటూ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాడు. పూటంతా కుండ తెర్లుతూనే ఉంది. గమనించేసరికి ఆలస్యమైపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కట్టెలు బయటికి లాగాడు.

సాయంత్రానికి కుండలో పల్చటి నీళ్లు మిగిలాయి. ఎంత చల్లారినా గడ్డకట్టలేదు. వేలు ముంచితే వేలికి అంటలేదు.

కుండ పట్టుకుని బాబా ముందు నిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. "పాడుచేశాను బాబా. ఇంకెందుకూ పనికిరాదు. పారబోసొస్తాను."

"గంపలో తోళ్లు ఇంకా ఉన్నాయిలే, మళ్లీ కాయొచ్చు. అది మాత్రం పారబొయ్యకు" అని బాబా లోపలికెళ్లి రెండు జాడీలు తెచ్చారు.

రెండింట్లోనూ పోయిన వేసవిలో ఎండబెట్టిన కవళ్లు ఉన్నాయి. నూనె ఎక్కువుండే చేప, వానాకాలం దాటిందంటే కంపు కొడుతుంది. మొదటి జాడీ మూత తీయగానే లతీఫ్ ముక్కు మూసుకున్నాడు. రెండోది భయపడుతూనే తీశాడు. నిన్నగాక మొన్న ఎండినట్టున్నాయి.

"ఇదేమిటి బాబా? అన్నీ ఒకేసారి ఎండబెట్టాం కదా?"

"అవును. వీటిని ఎండేసే ముందు ఇలాంటి నీళ్లలో ముంచాను." బాబా అతని చేతిలోని కుండ చూపించారు. "పోయినేడు దావూద్ కాచిన సరేసు. వాడూ ఇలాగే తగలేశాడు."

పొద్దున దావూద్ 'ఆ సముద్రమే గతి' అన్న మాట లతీఫ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. కుండ కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాడు.

దూరంగా, లాగిపెట్టిన పడవల పక్కన తడి ఇసుకలో ఎవరో మోకాళ్ల మీద తల ఆన్చి కూర్చున్నారు. దావూదే. లతీఫ్‌కి ప్రాణం లేచొచ్చింది.

నాలుగడుగులు వేశాడో లేదో, ఆగి వెనక్కి తిరిగాడు. బాబా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"తీసుకొస్తాను బాబా. కానీ, మళ్లీ తాగితే?"

"మళ్లీ వెళ్లి తీసుకురా" అన్నారు బాబా.