ఓదేలు రంగులేసిన సైన్యం

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఓదేలు అనే బోర్డుల పెయింటర్ ఉండేవాడు. చేతిలో బోలెడంత పనితనం ఉన్నా, పదిమంది కంటికి కనబడే మేరకు తప్ప కుంచె కదిలించని గుణం ఆయనది.

ఆ పనితనం మాత్రం నిజంగా గొప్పదే. స్కేలు పెట్టకుండా గీత గీస్తే దారం లాగినట్టు వచ్చేది. మిఠాయి దుకాణం బోర్డు మీద ఆయన వేసిన జిలేబీ మీద ఈగలు వాలాయని చెప్పుకునేవారు. ఈగల మాట ఎలా ఉన్నా, మనుషులకు మాత్రం నోరూరేది. అయితే బోర్డు వెనక వైపు చుక్క రంగు కూడా పడేది కాదు. వానకు చెక్క ఉబ్బిపోతోందని దుకాణదారు గొణిగితే, "వెనక ఉన్నది గోడనే గద! గోడకేమన్న కండ్లున్నయా?" అని నవ్వేసేవాడు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్కొక్కటిగా ఓదేలు బోర్డులన్నీ దిగిపోయాయి. ప్రతి బోర్డు మూలనా 'ఓదేలు ఆర్ట్స్' అని సంతకం ఉండేది. ఇప్పుడు ఊరంతా తిరిగినా ఆ సంతకం ఒక్కచోట కూడా మిగల్లేదు. పని తగ్గినందుకు కంటే, పేరు చెరిగిపోయినందుకే ఆయన ఎక్కువ కుమిలిపోయేవాడు.

అలాంటి రోజుల్లో ఒకనాడు ప్రభావతి టీచర్ ఓ అట్టపెట్టె పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె, ఆమెలాంటి మరికొందరు ఆదివారాల్లో ఒకచోట చేరి బల్ల యుద్ధం ఆడేవారు. పెద్ద బల్ల మీద కొండలు, వాగులు, కోటగోడలు పేర్చి, బొటనవేలంత బొమ్మ సైనికులతో పాత కాలపు యుద్ధాలు చేసే ఆట అది. కొలబద్ద పెట్టి దళాలను జరుపుతారు. పాచికలు వేసి ఎవరు నిలిచారో, ఎవరు పారిపోయారో తేలుస్తారు. ఆడేవాళ్లందరివీ నెరిసిన తలలే. ఆటలో కూర్చుంటే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో సేనాధిపతి.

"కాకతీయుల సైన్యం, ఓదేలూ. రెండొందల నలభై బొమ్మలు. అన్నిటికీ నువ్వే రంగులెయ్యాలె," అంది టీచర్. "దసరా అయినంక కరీంనగరోళ్లతోని పోటీ ఉన్నది. గెలిచిన సైన్యాన్ని గ్రంథాలయంల అద్దాల పెట్టెల పెడ్తరు. కింద రంగులేసినోళ్ల పేరు రాస్తరు."

ఓదేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పేరు ఎన్నేండ్లుంటది, టీచరమ్మా?"

"పెట్టె ఉన్నన్నేండ్లు ఉంటది."

ఆ మాటతో ఓదేలు ఆ పని తనదే అనుకున్నాడు. టీచర్ వెళ్తూ వెళ్తూ, "బొమ్మలు ముట్టకముందు ఒక్క ఆదివారం వచ్చి మా ఆట చూడు. నా పక్కన నిలబడు, చాలు," అంది.

"ఆట చూసి నేనేం జేస్త? నాకు బొమ్మ దెలుసు, రంగు దెలుసు. మిగిలింది మీరు చూసుకోండ్రి," అన్నాడు ఓదేలు. అంతే, ఆ ఆదివారమూ వెళ్లలేదు, మరే ఆదివారమూ వెళ్లలేదు.

పనిలో మాత్రం మునిగిపోయాడు. నాలుగు వెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దాడు. రెండొందల నలభై మందిలో ఏ ఇద్దరి మీసమూ ఒక్కలా లేదు. ఒకడు కోపంగా ఉంటే, ఒకడు భయాన్ని దిగమింగుకుంటున్నాడు. ఇంకొకడికి పొద్దున తాగిన గంజి ఇంకా మూతికి అంటుకుని ఉంది. గుర్రపు దళాలు మూడూ ఒకే అచ్చులో పోసిన బొమ్మలు కాబట్టి, గుర్తు తెలియడానికి ఆరితేరిన దళానికి ఎర్రటి ఛాతీపట్టీ, కొత్తగా చేరిన రెండు దళాలకు పసుపు, ఆకుపచ్చ పట్టీలు వేశాడు. ఇదంతా ముందు వైపు సంగతి. వెనక వైపు మొత్తానికీ ఒకే ఒక్క నల్ల పూత పూసి వదిలేశాడు.

ఆయన భార్య రాజవ్వ ఒక బొమ్మను తిప్పి చూసింది. "ముంగట పెండ్లికొడుకు లెక్క ఉన్నడు. వెనక బొగ్గుల పొర్లినట్టున్నడేంది?"

"సూసేటోళ్లు మొఖం సూస్తరు గని వీపు సూస్తరా?" అన్నాడు ఓదేలు, కుంచె కడుక్కుంటూ.

ఆఖరి మీసం దిద్దేసరికి పోటీ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఓదేలు బొమ్మల్ని పళ్లాల్లో వరుసలుగా పేర్చి, ముఖాలు పైకి కనబడేలా పోటీ జరిగే హాలుకు తీసుకెళ్లాడు. ఆ ముఖాలు చూసి టీచర్ కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంత మంచిగ చేసినవ్ ఓదేలూ! పాఠాల్ల చదివినోళ్లు లేచొచ్చినట్టున్నది," అంది. అంతలో గంట మోగింది. గబగబా సైన్యాన్ని బల్ల మీద నిలబెట్టారు.

సైన్యమన్నాక శత్రువు వైపు చూస్తూ నిలబడుతుంది. సేనాధిపతి వెనక ఉంటాడు. ఆటలో నియమాలు కూడా గట్టివే. ఆడేవాళ్లు బల్లకు ఎవరి కొసన వాళ్లే నిలబడాలి, అవతలి వైపు వెళ్లి చూడకూడదు, బొమ్మను తిప్పి చూడకూడదు. బొమ్మల మీద పేర్లు రాయకూడదు, రంగును బట్టే గుర్తుపట్టాలి. ఒకసారి దళాన్ని జరిపి చెయ్యి తీశాక మళ్లీ వెనక్కి తేకూడదు.

ఓదేలు మాత్రం అవతలి కొసకు వెళ్లి నిలబడ్డాడు. చూడవచ్చిన జనమంతా అక్కడే మూగారు, ఎందుకంటే ముఖాలు కనబడేది అక్కణ్నుంచే. కరీంనగర్ తరఫున ఆడుతున్న లాయర్ నర్సింగరావు వంగి చూసి, "ఏం బొమ్మలయ్యా ఇవి! వీండ్ల మీదికి బాణం వెయ్యబుద్ధయితలేదు," అన్నాడు. ఓదేలు ఛాతీ ఉప్పొంగింది. ఒక్కొక్కరూ భుజం తట్టి పోతుంటే, అద్దాల పెట్టెలో తన పేరు అప్పుడే చదువుకుంటున్నాడు.

ఇవతల ప్రభావతి టీచర్‌కు కనబడుతున్నవి రెండొందల నలభై నల్లని వీపులు. మొదటి నాలుగైదు ఎత్తుల దాకా ఏ దళం ఎక్కడుందో జ్ఞాపకం పెట్టుకుని ఆడింది. తర్వాత గుర్రపు దళాలు మూడూ కొండ చాటున కలిసిపోయి బయటికి వచ్చాయి. ఏది ఏదో ఆమెకు అంతుబట్టలేదు. కళ్లజోడు తుడుచుకుంది, మెడ చాచి చూసింది. అవతల నర్సింగరావుకు మాత్రం ఎర్రపట్టీ దళం ఎక్కడుందో అరచేతిలో ఉన్నట్టు కనబడుతోంది. దానికి దూరంగా తన ఏనుగుల్ని నడిపించాడు.

టీచర్ గుండె చిక్కబట్టుకుని ఒక దళాన్ని ఏనుగుల మీదికి తోసి చెయ్యి తీసింది.

అవి ఆకుపచ్చ పట్టీల కుర్రకారు. మొదటి పాచికకే చెదిరిపోయారు. వాళ్లను చూసి పక్కనున్న కాలిబంట్లు కూడా కాళ్లకు బుద్ధి చెప్పారు. ఆరితేరిన దళం కొండ పక్కన ఊరికే నిలబడి ఉండగానే యుద్ధం ముగిసిపోయింది.

జనం పలచబడ్డాక ఓదేలు ఇవతలి కొసకు వచ్చాడు. "గంత మంచి దళం ఉండంగ గా పిల్లలను పంపిచ్చినవేంది, టీచరమ్మా?" అన్నాడు, కోపాన్ని ఆపుకోలేక.

ఆమె పక్కకు జరిగి, తను నిలబడ్డ చోటు ఆయనకు ఇచ్చింది. ఓదేలు అక్కడ నిలబడి బల్ల వైపు చూశాడు. ఆయన దిద్దిన మీసం ఒక్కటి కూడా అక్కణ్నుంచి కనబడలేదు.

"నీ సైన్యం మొఖాలన్నీ శత్రువుకు చూపించినవ్, ఓదేలూ. నాకు వీపులే ఇచ్చినవ్," అంది టీచర్ మెల్లగా.

ఓదేలు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్లుగా కుంచె పట్టిన మనిషి, తన పనిని వాడుకునేవాళ్ల వైపు నుంచి ఒక్కసారైనా చూసుకోలేదని అప్పుడే తెలుసుకున్నాడు. బొమ్మలన్నీ పెట్టెలో సర్దుకుని, "మల్ల పోటీ దాక ఇవి నా దగ్గర్నే ఉండనియ్యి," అన్నాడు.

ఈసారి కుంచె ముట్టకముందు ఆరు ఆదివారాలు టీచర్ పక్కనే నిలబడి ఆట చూశాడు. ఎంత దూరం నుంచి ఏ రంగు తెలుస్తుందో, ఏది దేనిలో కలిసిపోతుందో మనసులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వీపులు మొదలుపెట్టాడు. ఛాతీపట్టీల ముడులు భుజాల మీదుగా వెనక్కి వేలాడాయి. అమ్ములపొదిలో ఈకలు విచ్చుకున్నాయి. డాలు మోసి మోసి కందిన భుజాలు, చెమటకు తడిసిన అంగీలు, గుర్రం తోకలకు కట్టిన రంగు గుడ్డలు, అన్నీ వచ్చాయి. అంతా కలిపి ఏడాది పట్టింది. రాజవ్వ ఒక బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఇగ వీడు ఎటు తిరిగినా మనిషే," అంది.

మళ్లీ పోటీ వచ్చింది. జనం ఎప్పటిలాగే అవతల మూగారు. ఓదేలు మాత్రం టీచర్ వెనకే నిలబడ్డాడు. అక్కడ మెచ్చుకునేవాళ్లు ఒక్కరూ లేరు. మధ్యాహ్నానికి గుర్రాలు మళ్లీ కలగాపులగమయ్యాయి. టీచర్ ఒక్క చూపు చూసి, ఎర్ర ముడుల దళాన్ని సూటిగా ఏనుగుల మీదికి పంపింది. సాయంత్రానికి నర్సింగరావు ఓటమి ఒప్పుకుని పాచికలు కింద పెట్టి, బల్ల చుట్టూ నడిచి వచ్చి, ఇవతలి నుంచి ఆ సైన్యాన్ని చాలాసేపు చూశాడు.

"పోయినేడు ఈ బొమ్మలను నా కోసం చేసినవనుకున్న. ఈసారి టీచరమ్మ కోసం చేసినవ్," అని ఓదేలుకు దండం పెట్టాడు.

ఓదేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల మాత్రం నిటారుగానే ఉంది. జీవితంలో ఏ బోర్డూ ఇవ్వని గర్వం అది, దాన్ని దాచుకోవాలని కూడా ఆయనకు అనిపించలేదు. గ్రంథాలయంలో సైన్యాన్ని పేర్చేటప్పుడు, పెట్టెకు నాలుగు వైపులా అద్దం పెట్టించమని ఆయనే అడిగాడు.

పిల్లలూ, పెద్దలూ గుర్తుంచుకోవలసిన మాట ఇదే: ఏ పని చేసినా, దాన్ని మెచ్చుకునేవాళ్ల వైపు నుంచి కాక, దాన్ని నమ్ముకుని నడిచేవాళ్ల వైపు నుంచి చూసి చేయాలి.