అతుకు కనపడని కాలువ

కాలువల పటాలను కంప్యూటరులోకి ఎక్కించే ఆ గదిలో బ్రహ్మయ్యాచారి గారు రోజుకు పట్టుమని పది గీతలు కలిపేవారు కారు. తెర మీద రెండు గీతల కొసలు ఎదురెదురుగా, మధ్యలో కాస్త ఎడంతో కనిపిస్తే చాలు, మౌసు వదిలేసి ఆ కాలువ గట్టున తిరిగే లస్కరుకు ఫోను చేసేవారు. ఆ లస్కరు ఫోను ఎత్తేసరికి పూట గడిచేది. అక్కడ నీళ్ళు పోతున్నాయా నాయనా అని అడిగేవారు. పోతున్నాయంటే కలిపేవారు, లేదంటే ఎడాన్ని ఎడంగానే ఉంచేవారు. పై అధికారులకు ఇది చాదస్తంగా కనిపించేది. నిజం చెప్పాలంటే గదిలో అందరికీ అలాగే కనిపించేది.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న జోజిబాబు ఒకనాడు విసిగిపోయి అడిగేశాడు. అతడి విసుగులోనూ న్యాయం ఉంది. పాత కాగితపు పటాల మీది గీతలు కంప్యూటరులోకి వచ్చేటప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. కాగితం మడత దగ్గర ఒక ముక్క, రెండు కాగితాలు కలిసే చోట ఒక ముక్క, గీసేవాడు లేచి టీకి వెళ్ళిన చోట మరో ముక్క. ఇంత దూరంలోపు ఉన్న కొసలన్నిటినీ కలిపెయ్యమని ఒక్కమాట చెబితే కంప్యూటరు రెప్పపాటులో కలిపేస్తుంది. అంత సదుపాయం చేతిలో పెట్టుకుని ఈ ఫోన్లు దేనికన్నది అతడి బాధ.

"గీత తెగిందంటే గీసేవాడి చెయ్యి ఆగిందనే కదా సార్? కాలవ మధ్యలో ఎక్కడన్నా ఆగుద్దా?" అన్నాడు.

ఆచారి గారు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. వాదించే ఓపిక ఆయనకు ఎప్పుడో అయిపోయింది. మర్నాటి నుంచి కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. వెళుతూ వద్దనీ అనలేదు, సరే అనీ అనలేదు. ఏదో ఒకటి అనవలసింది.

ఆయన తిరిగి వచ్చేసరికి పటం పూర్తయి ఉంది. తల దగ్గర బయలుదేరిన ప్రతి కాలువా ఎక్కడా తెగకుండా చివరి ఊరిదాకా నీలంగా సాగిపోయింది. అధికారులు జోజిబాబు భుజం తట్టారు. ఆ ఏడాది మరమ్మతులు ఎక్కడ చెయ్యాలో ఈ పటం చూసే తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గీత ఆగిపోయిన ఊరికి మరమ్మతు, గీత చేరిన ఊరికి అక్కర్లేదు. ఏ ఊరి పొలం గట్టూ తొక్కకుండా కుర్చీలోంచే తేలిపోయే పని కనుక అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ మరమ్మతుల జాబితా పైకి వెళ్ళవలసిన రోజున పేరమ్మ అనే ఆవిడ ఆ గది వెతుక్కుంటూ వచ్చింది. ఒక కాలువకు చిట్టచివరి ఊరు ఆమెది. వాగు మీదుగా నీళ్ళు దాటించే సిమెంటు తొట్టి కొన్నేళ్ళ కిందటి తుపానుకు కొట్టుకుపోయాక ఆ ఊరికి చుక్క నీరు రాలేదు. ఆమె తన మిరప చేను బీడు పెట్టుకుని, పక్క ఊరి తోటల్లో కాయలు కొయ్యడానికి కూలికి పోతోంది. ఈసారీ తొట్టి కట్టకపోతే చేను అమ్మెయ్యడమే అని కొడుకు తేల్చి చెప్పాడు. కాళ్ళరిగేలా తిరిగిన ఆఫీసులో ఆఖరికి ఆమెకు వచ్చిన జవాబు, మీ ఊరికి నీళ్ళు అందుతున్నట్టు పటంలో ఉందని. ఆ పటమేదో కళ్ళారా చూసి పోదామని వచ్చింది.

జోజిబాబు మంచివాడు. పెద్దమ్మా అని కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తెర మీద ఆమె ఊరు చూపించాడు. నీలం గీత ఊరిదాకా చేరింది. ఆమె చాలాసేపు చూసింది.

"బాగుందయ్యా. నీళ్ళు వచ్చేశాయి. మేమే ఇంకా చూసుకోలేదు" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. ఎత్తిపొడవడానికి కూడా కాస్త సత్తువ కావాలి. వెనక కూర్చున్న ఆచారి గారు ఆమె కాలువను తెంపమని జోజిబాబుతో చెప్పారు.

అతడు గీత మీద నొక్కాడు. తల నుంచి కొస దాకా కాలువ మొత్తం ఒక్కసారిగా మెరిసింది. ఇంకోచోట నొక్కాడు. మళ్ళీ మొత్తం మెరిసింది. కలిపిన చోట అతుకన్నది లేదు. అతుకు కనపడకుండా కలపడమే ఆ కంప్యూటరు గొప్ప. ముక్కలున్న పాత ఫైలు మీదే కొత్తది సేవ్ చేసేశాడు కనుక వెనక్కి వెళ్ళి చూసుకునే దారీ లేదు. చివరికి వాగుల పటం తెచ్చి కాలువ మీద పరిచాడు. ఆ కాలువ రెండు వాగులను దాటుతోంది. తొట్టి పోయింది ఊరికి దగ్గరి వాగు మీదేనని పేరమ్మ వేలు పెట్టి చూపించాక, అక్కడ గీత తెంపి, దిగువ ముక్క రంగు మార్చాడు. ఆ ఊరి పేరు మరమ్మతుల్లోకి చేరింది.

తెగిన గీతను చూశాక ఆమె ముఖం తేటపడింది.

"ఆఁ, ఇదీ మా కాలవ" అంది. బస్సు వేళవుతోందని లేచి, ఇద్దరికీ చెయ్యెత్తి మొక్కి వెళ్ళిపోయింది.

జోజిబాబు మళ్ళీ తెర వైపు తిరిగాడు. కంప్యూటరుకు చెప్పిన ఆ ఒక్కమాటతో తాను కలిపిన ఎడాలు వందల్లో ఉన్నాయి. వాటిలో చెయ్యి ఆగిన చోటేదో, నీళ్ళు ఆగిన చోటేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. లస్కర్లందరికీ ఫోను చేద్దామంటే జాబితా సాయంత్రానికి పోవాలి. దాన్ని ఆపమని అడగడానికి పై గదికి వెళ్ళి, మాట పడి, తిరిగి వచ్చాడు.

"మరి మిగతావి, సార్?" అని అడిగాడు.

ఆచారి గారు తల వెనక్కి వాల్చి కంట్లో చుక్కలు వేసుకుంటున్నారు. కన్ను మూసుకునే అన్నారు.

"ఆవిడ వచ్చింది గనక ఆవిడ కాలవ తెగింది నాయనా. రాలేనివాళ్ళ కాలవలన్నీ నిండుగా పారుతున్నాయి."