పొద్దున్న వెళ్ళినవాళ్ళ గేదె

బూరుగుమెట్టలో పోలయ్య ఇంట్లోవాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. పోలయ్య, తమ్ముడు గవర్రాజు, తల్లి నూకాలమ్మ, అంతే. తెలివి ఖర్చయిపోతుందని ఊళ్ళో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాళ్ళు కూడా కాదు.

ఒకరోజు వానకి తలదాచుకుందామని తత్త్వశాస్త్రం చెప్పే మేష్టారు ఒకాయన వాళ్ళ అరుగెక్కాడు. నూకాలమ్మ పెట్టిన వేడి వేడి ఉప్పుడుపిండి తిని, ఆ సంతోషంలో ఐరోపావాళ్ళూ చైనావాళ్ళూ వేల ఏళ్ళుగా ఏమేం ఆలోచించారో చెప్పుకొచ్చాడు. గ్రీకు దేశంలో ఒక పెద్దాయన, ఒకసారి దిగిన ఏట్లోకి ఎవరూ మళ్ళీ దిగలేరన్నాడట. నీళ్ళూ మారతాయి, మనిషీ మారతాడు. చైనాలో ఒకాయన, కుండలో పనికొచ్చేది లోపలి ఖాళీయే అన్నాడట. ఎన్నో వందల ఏళ్ళ తరవాత ఐరోపాలో ఇంకొకాయన దేన్నయినా ముందు అనుమానించి చూడమన్నాడట. వాన వెలవగానే మేష్టారు వెళ్ళిపోయాడు. ఆయన చెప్పినవి మాత్రం వీళ్ళ బుర్రల్లో ఉండిపోయాయి, చోటు బోలెడుంది కదా.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములు చూడి గేదెని వాగు దాటించి, అవతల మేపడానికి తీసుకెళ్ళారు. నూకాలమ్మకి జున్నంటే ప్రాణం. గేదె ఎప్పుడు ఈనుతుందా అని బెల్లం కొట్టి, మిరియాలు దంచి పెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి గేదె అక్కడే ఈనింది. పోలయ్య దూడని భుజాన వేసుకున్నాడు. తీరా నీళ్ళలో కాలు పెట్టగానే గవర్రాజు ఆగిపోయాడు.

"అన్నా, ఇవి పొద్దున్నటి నీళ్ళేనా?"

"అవెక్కడున్నాయిరా, ఈపాటికి సముద్రంలో కలిసుంటాయి."

"మనుషులూ మారతారని మేష్టారు చెప్పాడుగా. అయితే పొద్దున్న దాటినవాళ్ళం మనం కాదన్నమాట."

పోలయ్య ఆలోచించాడు. "మరి ఈ గేదె వాళ్ళదిరా. పరాయి సొమ్ము తోలుకుపోతే దొంగతనం కాదూ?"

ఇంకేముంది, గేదెనీ దూడనీ వెనక్కి తీసుకెళ్ళి, ఆ గట్టున ఉండే సన్యాసమ్మ పిన్ని ఇంటి ముందు కట్టేశారు. "వీటి ఆసాములు వస్తారు పిన్నీ, అందాకా చూస్తూండు" అన్నారు.

"మీ గేదే కదరా, మతి పోయిందా?" అంది సన్యాసమ్మ. వాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అందుకని ముర్రుపాలు పిండి, కుండలో పోసి చేతికిచ్చింది. "ఇవైనా మీ అమ్మకివ్వండి, జున్ను కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తూంటుంది."

అమ్మ వాగు దాటలేదు, కాబట్టి అమ్మ మారలేదు. ఆ లెక్కన కుండ తీసుకున్నారు.

ఇవతలి గట్టెక్కాక గవర్రాజు అనుమానించడం మొదలుపెట్టాడు. "ఇవి ముర్రుపాలేనంటావా?" పోలయ్య ఒక గుక్క తాగి, "నాకూ అనుమానంగానే ఉందిరా" అన్నాడు. తమ్ముడూ ఒక గుక్క తాగాడు. అనుమానం తీరేసరికి సగం కుండ అయిపోయింది. మిగతా సగం చూసి పోలయ్య గతుక్కుమన్నాడు. పనికొచ్చేది ఖాళీయే అయితే, ఇంకా సగం కుండ దండగైపోతోంది. అంతే, ఆ పాలు గడ్డిలో ఒంపేసి, కుండని పూర్తిగా పనికొచ్చేలా చేసి ఇంటికి తెచ్చారు.

నూకాలమ్మ కుండలో చెయ్యి పెట్టి చూసింది. పాపం, ఆవిడకి ఏడుపొచ్చేసింది. "నా జున్నేదిరా?"

అన్నదమ్ములు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని శ్రద్ధగా విని, వెనక్కి జరిగింది.

"అయితే మీరు నా కొడుకులు కారన్నమాట."

"కామమ్మా. వాళ్ళు పొద్దున్నే వెళ్ళారు."

"ఒంటరి ఆడదాన్ని, పరాయి మగాళ్ళని ఇంట్లోకి రానివ్వకూడదు నాయనా" అని తలుపేసి గడియ పెట్టుకుంది.

ఇద్దరూ అరుగు మీద కూలబడ్డారు. లోపల్నించి ఉల్లిపాయ పులుసు వాసన వస్తోంది, ఆకలి దంచేస్తోంది.

"ఎంత జాగ్రత్త గల మనిషో చూశావా అన్నా" అన్నాడు గవర్రాజు.

"ఆ కొడుకులకే బుద్ధి లేదు. ఈనిన గేదెని వదిలేసి, తల్లిని ఏడిపిస్తారా? కనబడనీ, నాలుగు తగిలిస్తాను" అన్నాడు పోలయ్య.

కాసేపటికి నూకాలమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. "బాబూ, దారిలో మా పిల్లలు కనిపిస్తే, అన్నం చల్లారిపోతోందని చెప్పండి."

"తప్పకుండా చెప్తామమ్మా" అని ఇద్దరూ లేచి, తమని వెతుక్కుంటూ వాగు వైపు బయల్దేరారు.