పాతర దిగిన మారెక్క

ఊఁ కొడితేనే చెబుతాను. మధ్యలో ఊఁ ఆగిందా, నేనూ ఆగిపోతాను. ఆ తర్వాత నన్ననుకుని లాభం లేదు.

ఏ కాలమని మాత్రం అడగొద్దు. మా జేజికి, అదే మా నాయనమ్మకు, తెలీదు, జేజికి చెప్పిన జేజికీ తెలీదు. గుండ్లవాగు సీమ అని ఒక సీమ ఉండేది. అరవై ఊళ్ళు, ఒక వాగు, నల్లగట్టని ఒక కొండ, ఒక దొర. ఆ సీమలో పాతర దిగే మారెక్క అని ఒక మనిషి ఉండేది. దొర పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. మారెక్క పేరు అందరికీ గుర్తుంది. ఎందుకు గుర్తుందో చెప్పేదే ఈ కథ.

పాతరంటే ఈ కాలపు పిల్లలకు తెలీదు గనక చెబుతున్నాను, వినండి. గింజలు దాచుకోవడానికి నేలలో లోతుగా గొయ్యి తవ్వుతారు. మూతి సన్నగా, కడుపు వెడల్పుగా ఉంటుంది. లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి, బండ చుట్టూ మట్టి మెత్తుతారు. పంట పండిన ఏడు ఇంటికొక గంప జొన్నలు తెచ్చి దొర పాతర్లలో పోయాలి. పండని ఏడు దొర ఆ పాతర్లు తెరిచి ఊళ్ళకు తిండి పెట్టాలి. నల్లగట్టు మీద చెట్టు ఎవరూ నరక్కూడదు, గట్టున చెట్టుంటేనే వాగులో నీళ్ళుంటాయి. ఇవీ ఆ సీమ కట్టుబాట్లు. ఊళ్ళవాళ్ళు వాటిని ఏనాడూ దాటలేదు.

పాతర దిగడం అందరికీ చేతనయ్యే పని కాదు. గింజకు ఊపిరి ఉంటుంది. మూసిన పాతరలో ఉన్న మంచి గాలినంతా గింజే తాగేస్తుంది. తెలియక దిగినవాడు మళ్ళీ పైకి రాడు. మారెక్క తండ్రి అట్లాగే పోయాడు. అందుకని మారెక్క ముందు దీపం దించేది. బండ తియ్యగానే ప్రమిదను చిన్న ఉట్టిలో పెట్టి, తాడుతో లోపలికి వదిలేది. దీపం ఆరిపోయేది. వేపకొమ్మలతో గాలి విసిరి, ఒక పూట ఆగి, మళ్ళీ దించేది. ఈసారి దీపం నిలిస్తే తనూ దిగేది. దిగి గింజను కంటితో చూసేది, ముక్కుతో చూసేది, పంటితో చూసేది. అప్పుడు పైకి కేకేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేది.

మన ఇళ్ళల్లో దీపం ఆరిందనడానికి నోరు రాదు, కొండెక్కిందంటాం. మారెక్క మాత్రం పాతరలో దీపం ఆరగానే నవ్వేది. "గింజ బతికుండాది" అనేది.

పాతర్ల మీద పెత్తనానికి దొర కోనప్ప అనే పారుపత్యదారును పెట్టాడు. కోనప్ప పదిహేనేళ్ళు పెత్తనం చేశాడు గాని, ఒక్కనాడూ పాతర దిగిన పాపాన పోలేదు. బట్టలు మాసిపోవూ మరి.

అట్లా ఉండగా ఒక ఏడు వాన పడలేదు. దొర కోనప్పను పిలిచి, "పాతర్లు నిండుగా ఉన్నాయా?" అని అడిగాడు. "నిండుగా ఉన్నాయి దొరా, కరువు ముదిరితే తెరుద్దాం" అన్నాడు కోనప్ప. రెండో ఏడూ వాన పడలేదు. దొర అడిగాడు, కోనప్ప అదే చెప్పాడు. మూడో ఏడూ వాన పడలేదు. దొర అడిగాడు, కోనప్ప అదే చెప్పాడు. మూడుసార్లు అడిగిన దొర ఒక్కసారైనా లేచి వెళ్ళి చూడలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మూడో ఏడు ఊళ్ళల్లో తినడానికి ఏమీ మిగల్లేదు. ఒక్క విత్తనం కుండలు తప్ప. ఆ సీమలో విత్తనం కుండను ఆకలికి ముట్టుకోరు. చంటిపిల్ల ఏడ్చినా ముట్టుకోరు. దాన్ని తింటే వచ్చే ఏడు ఉండదని వాళ్ళకు తెలుసు.

అప్పుడు దొర ఊరూరా దండోరా వేయించాడు. "దొర పాతర్లు నిండుగా ఉన్నాయి. ఎల్లుండి అందరి కళ్ళముందూ తెరుస్తాడు. చూసి వెళ్ళి, ముందు మీ విత్తనం వండుకు తినండి, అది అయ్యాక పాతర్ల గింజ పంచుతాడు. వాన పడినప్పుడు దొరే విత్తనం ఇస్తాడు."

దొర మనసు చెడ్డది కాదు. జనం ఆకలి చూడలేక అన్నాడు. కోనప్పకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పాతర్లలో జొన్నలు అతను ఎప్పుడో అమ్ముకున్నాడు, అవి బళ్ళకెక్కి గట్టు దాటిపోయాయి. రాత్రికి రాత్రి చేసేదేమీ లేక, మూతుల కిందుగా పలకలు బిగించి, వాటి మీద రెండు మూరల మందాన జొన్నలు పోయించాడు. బండ తీసి చూసేవాడికి పాతర నిండుగానే కనిపిస్తుంది. జనం విత్తనం తింటూ నెలో, నెలన్నరో గడుపుతారు, ఈలోపు వాన పడకపోతుందా అనుకున్నాడు.

మారెక్క పక్కింటి లచ్చుమక్క దండోరా విని, విత్తనం కుండ దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎల్లుండి దాకా ఎందుకు మారెక్కా? దొరే చెప్పినాడు గదా. పిల్లోల్లు చూడు, ఎట్లుండారో."

"దొర చెప్పినాడు లచ్చుమక్కా. దొర దిగి చెప్పినాడా?"

"దొర యాడన్నా దిగుతాడా?"

"నేను దిగుతా. దిగి చెప్తా. అందాక మూత తీయగాకు."

లచ్చుమక్క కుండను మళ్ళీ ఉట్టి మీద పెట్టింది. పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దెక్కేసరికి అరవై ఊళ్ళ జనం పాతర్ల మిట్టకు చేరారు. దొర గొడుగు కింద కూర్చున్నాడు. కోనప్ప తలపాగా చుట్టుకుని ముందు నిలబడ్డాడు. మారెక్క లేకుండానే పని కానిచ్చేద్దామని చూశాడు గాని, పెద్దలు ఒప్పుకోలేదు. మారెక్క దీపం దించకుండా పాతర తెరిచే ఆచారం లేదన్నారు. దించితే దించనీలే, దీపానిదేముంది అనుకున్నాడు కోనప్ప. పదిహేనేళ్ళలో ఒక్కసారి దగ్గరుండి చూసి ఉంటే అట్లా అనుకునేవాడు కాదు.

మొదటి పాతర బండ తీశారు. జొన్నలు నిండుగా కనిపించాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. మారెక్క దీపం దించింది. దీపం నిలకడగా వెలిగింది.

"చూశారా దొరా, దీపం ఎట్లా వెలుగుతోందో. అంతా మీ చలవ" అన్నాడు కోనప్ప. జనం చేతులెత్తి మొక్కారు. మారెక్క మొహం పాలిపోయింది.

రెండో పాతర బండ తీశారు. జొన్నలు నిండుగా కనిపించాయి. మారెక్క దీపం దించింది. దీపం నిలకడగా వెలిగింది. మూడో పాతర బండ తీశారు. దీపం నిలకడగా వెలిగింది.

మారెక్క దీపాన్ని పైకి లాగి, దొర ముందు పెట్టి నిలబడింది.

"దొరా, ఈ దీపం ఆరల్ల."

దీపం ఆరాలన్న మాటకు జనం ఉలిక్కిపడ్డారు. దొర మొహం చిట్లించాడు. "మంచి పని జరిగేచోట ఆ మాటేమిటి?"

"మూడేండ్లు మూసిన పాతర దొరా. గింజుంటే దీపం బతకదు. దీపం బతికిందంటే లోపల గింజ లేదు."

"కళ్ళముందు కనిపిస్తున్నాయి కదే జొన్నలు" అన్నాడు కోనప్ప.

"అయితే వాటి మీద నిలబడి చూస్తా. నడుముకు తాడు కట్టండి."

"నిండిన పాతర మీద నిలబడేదానికి తాడెందుకు?" అన్నాడు దొర.

మారెక్క ఒక్క క్షణం దొర వైపు చూసింది. "అదీ నిజమే దొరా. నిండుగా ఉంటే తాడెందుకు" అంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఆ ప్రమిదంత బరువు కూడా లేని ఆ బక్క మనిషి, మూడో పాతరలోకి దిగి జొన్నల మీద నిలబడింది. ఒకసారి కాలెత్తి తొక్కింది. కింద డొల్లగా మోగింది. రెండోసారి తొక్కింది. జొన్నలు కదిలాయి. మూడోసారి తొక్కింది. పలక ఫెళ్ళున విరిగింది. జొన్నలూ మారెక్కా కలిసి లోపలికి పోయారు.

లచ్చుమక్క మూతి దగ్గరికి పరిగెత్తి, "మారెక్కా, ఉండావా?" అని కేకేసింది.

చాలా కిందనుంచి జవాబొచ్చింది. "నాతో పడినవి తప్ప ఈడ జొన్నల్లేవు లచ్చుమక్కా. నేనుండా. కాలిరిగింది. దొరను బుట్ట దించమను."

దొర బుట్ట దింపించాడు. మొదటిసారి బుట్ట పైకి వచ్చింది. అందులో దుమ్మూ, ఎండిన గడ్డీ ఉన్నాయి. రెండోసారి వచ్చింది. అందులో విరిగిన పలక ముక్క ఉంది. ఒక ఊరిపెద్ద దాన్ని తిప్పి చూసి, "ఇది నల్లగట్టు మీది చండ్రమాను దొరా. గట్టు మీద చెట్లు ఏళ్ళుగా నరికిస్తున్నారన్నమాట. వాగు ఎందుకు ఎండిందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. మూడోసారి బుట్ట వచ్చింది. అందులో ఏమీ లేదు.

"ఇదేమిటి, ఖాళీ బుట్ట పంపావు?" అని దొర పాతరలోకి వంగి అడిగాడు.

"అది నీ మాట దొరా. ఊరూరా దండోరా వేయించినావే, అది."

దొర గొడుగు కిందికి తిరిగి పోలేదు. ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. తలపాగా తీసి కింద పెట్టి, "నాకు తాడు కట్టండి" అన్నాడు. ఇంతకాలం కూర్చుని తిన్న ఒళ్ళు గదా, భుజాలు మూతిలో ఇరుక్కున్నాయి. చుట్టూ రెండు రాళ్ళు ఊడబెరికి మరీ దించారు. దిగి, కంటితో చూశాడు, ముక్కుతో చూశాడు, కింద పడ్డ నాలుగు గింజలు పంటితో చూశాడు. మారెక్క నేర్పిందిలెండి. తర్వాత తల పైకెత్తి, అరవై ఊళ్ళకూ వినపడేటట్టు చెప్పాడు.

"పాతర ఖాళీగా ఉంది. నేను చూడకుండా చెప్పాను. మీ విత్తనం ముట్టుకోవద్దు."

దొర నోట నిజం రావడం జనం అప్పుడే మొదటిసారి విన్నారు. అరవై ఊళ్ళ విత్తనం కుండల్లో ఒక్కటీ పొయ్యెక్కలేదు.

మారెక్కను పైకి తీయించి, తనూ పైకొచ్చి, దొర తన ఇంటి గాదెలు తెరిచాడు. ఇంట్లో బంగారం బళ్ళకెత్తి, పొరుగు సీమల నుంచి జొన్నలు తెప్పించాడు. వాన పడేదాకా తనూ అందరితో పాటు అంబలే తాగాడు. కోనప్ప తల తీసేస్తారని అందరూ అనుకున్నారు. మారెక్క వద్దంది. "తల తీస్తే గట్టు మీద చెట్లెవరు పెడతారు?" అంది. బతికినన్నాళ్ళూ కోనప్ప కుండలతో నీళ్ళు మోసుకుంటూ గట్టెక్కి మొక్కలు పెంచాడు. బట్టలు బాగానే మాసిపోయాయి.

వాన పడింది. విత్తనం భూమిలో పడింది. మూడు నెలలకు పచ్చజొన్న ఏపుగా లేచింది. దొర మారెక్క గుడిసెకు వచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"నాకేం వద్దు దొరా. ఏటా విత్తే ముందు నువ్వే పాతర దిగల్ల. పైనుంచి మేము మూడు మాట్లు అడుగుతాం, ఏముందని. మూడు మాట్లూ నువ్వే చెప్పల్ల."

దొర బతికినన్నాళ్ళూ దిగాడు. దిగీ దిగీ సన్నబడ్డాడంటారు. మారెక్క కుంటుకుంటూనే ఏటా వచ్చి ముందు దీపం దించేది. ఆరితే నవ్వేది. ముసలితనంతో ఒక కోతల కాలంలో, అంబలి తాగి పడుకుని, పొద్దునకు లేవలేదు.

ఆ ఏటికి దొర కూడా లేడు, కొడుకు గద్దె మీదున్నాడు. మారెక్క పోయింది గదా, ఇంక ఎవరడుగుతారులే అనుకున్నాడు. పారుపత్యదారును దించి, "నిండుగా ఉన్నాయి" అని చెప్పించాడు. తొలకరి పడింది. పదునెక్కిన నేల ఎదురుచూస్తోంది. అరవై ఊళ్ళల్లో విత్తే గొర్రు ఒక్కటీ కదల్లేదు. ఆడవాళ్ళు విత్తనం కుండలు ఒళ్ళో పెట్టుకుని పాతర్ల మిట్ట మీద కూర్చున్నారు. ఒక రోజు కూర్చున్నారు, రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజు చిన్నదొర తలపాగా తీసి కింద పెట్టి, తాడు అడిగాడు. మా జేజి ఈ చోటికి వచ్చేసరికి వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేది. నాకూ అట్లాగే కూర్చోబుద్ధవుతుంది.

ఇప్పుడు దొరల్లేరు. పాతర్లూ పూడిపోయాయి. అయినా ఆ సీమలో ఏ పెద్దమనిషైనా వచ్చి, పందిట్లో నిలబడి, గిడ్డంగులు నిండాయనీ గట్టు మీద మొక్కలు నాటామనీ వాగుకు కట్ట వేశామనీ చెబితే, ఎవరూ గొడవపడరు, చప్పట్లూ కొట్టరు. వెనక వరసలోంచి ఎవరో ఒక ముసలామె లేచి, మెల్లగా ఒక్క మాట అంటుంది.

"దిగి చెప్పు నాయనా."

ఆయన లేచి, గిడ్డంగి తలుపు తీయించి, గట్టెక్కి, వాగు దిగి చూసి వచ్చేదాకా, ఆ సీమలో ఒక్క ఇల్లాలూ విత్తనం కుండ మూత తియ్యదు.