నల్లబండ మేళం తిరిగొచ్చిన సాయంత్రం

మద్దికోన అనే అడవిలో జింకలు, కుందేళ్లు, కోతులు, నెమళ్లు, ముళ్లపందులు, అలుగులు కలిసి ఉండేవి. అడవి మధ్యలో వాగు పారేది. వాగు ఒడ్డున ఏనుగు వీపులాంటి పెద్ద నల్లబండ ఒకటి ఉండేది.

ఆ బండ మీద ఒకప్పుడు పాటల మేళం జరిగేది. భీమన్న అనే బోదురుకప్ప పాడేవాడు. వడ్రంగిపిట్ట ఎండుమాను మీద ముక్కుతో దరువు వేసేది. కీచురాయి సన్నగా శ్రుతి పట్టేది. గండయ్య అనే కొండముచ్చు వెదురుగొట్టం ఊదేవాడు. ఆ నలుగురినీ అడవిలో అందరూ నల్లబండ మేళం అనేవారు. వాళ్లు మొదలుపెడితే అవతలి గట్టున మేసే జింకలు కూడా నమలడం ఆపి చెవులు నిక్కించేవి.

ఒక ఏడు గాలివానకు చెట్టు విరిగి మీద పడి గండయ్య చనిపోయాడు. మర్నాడు మిగిలిన ముగ్గురూ బండ ఎక్కారు. గండయ్య కూర్చునే చోటు ఖాళీగా కనిపించింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. కాసేపు అలాగే కూర్చుని, అడవి విడిచి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

ఏళ్లు గడిచాయి. బండ మీద పాట లేదు.

ఆ అడవిలో శరభయ్య అనే ముసలి ముళ్లపంది ఉండేవాడు. మేళం పుట్టినప్పటి నుంచీ విన్నవాడు. ఏ పాట ఏ కార్తెలో కట్టారో, ఎక్కడ దరువు మారుతుందో ఆయనకు నోటికి వచ్చు. అప్పట్లో ఆయనా, ఆయన భార్య రంగమ్మా బండకు ఎడమవైపు మొలిచిన గడ్డిలో కూర్చుని వినేవారు. రంగమ్మ కూడా పోయింది. ఇప్పుడు ఆయన సాయంత్రం కాగానే బొరియలో ముడుచుకుని, ఆ పాటలే తనకు తాను మెల్లగా పాడుకునేవాడు. పాట అయిపోయాక బొరియ ఇంకా పెద్దదైనట్టు అనిపించేది.

ఆయన దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఎవరైనా పలకరించినా తప్పు పట్టేవాడు. ఒంటి మీది ముళ్లకన్నా మాటల్లో ముళ్లే ఎక్కువ.

పక్క గుట్టలో నాంచారమ్మ అనే అలుగు ఉండేది. ఒళ్లంతా పొలుసులతో, చీమలు తింటూ, చడీచప్పుడు లేకుండా బతికేది. ఆమెకూ ఎవరూ లేరు. ఎవరైనా ఎదురైతే సిగ్గుపడి బంతిలా చుట్టుకుపోయేది. అందువల్ల ఆమెకు మాటలు రావేమో అనుకునేవారు కొందరు.

ఒకరోజు పొద్దున్నే వడ్రంగిపిట్ట ఎగిరివచ్చి వాగు ఒడ్డున వాలింది. దాని ముక్కు అరిగిపోయింది. తల మీది ఎర్రతురాయి వెలిసిపోయింది.

"భీమన్న వస్తున్నాడు. రేపు సాయంత్రం నల్లబండ మీద మళ్లీ మేళం. ప్రతి అడవిలో ఒక్కసారి పాడి వెళ్లాలని మా కోరిక" అంది.

అంతే, నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లు నీళ్లు మర్చిపోయారు.

"ముసలాళ్ల పాట ఇప్పుడెవరు వింటారు? నా ఆట చూడక!" అంది నెమలి.

"నువ్వు ఆడే అడుగులు కూడా వాళ్ల దరువులోవే. మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావు, ఆమె వాళ్ల దగ్గర నేర్చుకుంది" అంది ముసలి జింక.

"భీమన్నకు గొంతు పోయిందట కదా?" అంది కోతి.

"గొంతు పోతే దరువు వింటాం" అంది మల్లి అనే కుందేలు. మేళం ఆగిపోయాక పుట్టిన పిల్ల అది. "ఆ పాటలు నాకు చాలా ఇష్టం. ఎప్పుడూ పాడుకుంటూ ఉంటాను."

అప్పుడు పొదల్లోంచి ముళ్లు గలగలలాడాయి. శరభయ్య ముందుకు వచ్చాడు.

"నీకు ఇష్టమా? నువ్వు విన్నావా ఎప్పుడైనా? ఆ పాటలు కట్టిననాటికి నువ్వు పుట్టనేలేదు. చెప్పు, వాళ్లు ఈ బండ మీద మొట్టమొదట పాడిన పాట ఏది?"

మల్లి బిక్కముఖం వేసింది. "తెలియదు తాతా."

"వెదురుగొట్టం లేకుండా పాడిన పాట ఏది?"

"అదీ తెలియదు."

"తెలియనిదానివి తెలియనట్టు ఉండు. తలా తోకా తెలియని వాళ్లంతా మేళానికి వస్తే అది మేళం కాదు, సంత."

మల్లి చెవులు వాల్చేసింది. శరభయ్య వడ్రంగిపిట్ట వైపు తిరిగాడు.

"గండయ్య లేడు కదా. వెదురు ఎవరు ఊదుతారు?"

"ఊదేవాళ్లు లేరు. ఒక గోరింక ఆ రాగాన్ని నోటితో పలుకుతుంది. బాగా పలుకుతుంది" అంది వడ్రంగిపిట్ట.

"గోరింకా! గండయ్య కూర్చున్న చోట గోరింకను కూర్చోబెడతారా? అయితే అది నల్లబండ మేళమే కాదు. నేను రాను. అసలైన పాట తెలిసినవాళ్లెవరూ రారు."

ముళ్లు నిక్కబొడుచుకుని వెళ్లిపోయాడు. అందరూ ఆయనకు కోపం వచ్చిందనుకున్నారు. కోపం నిజమే. కాని దాని అడుగున ఇంకొకటి ఉంది, అది ఆయన ఎవరికీ చెప్పలేదు. బండకు ఎడమవైపు గడ్డిలో, రంగమ్మ కూర్చున్న చోట రేపు ఎవరో కూర్చుంటారు. నవ్వుతారు, తలలు ఊపుతారు. అది చూడాలంటే ఆయనకు భయం.

మర్నాడు మధ్యాహ్నం నాంచారమ్మ ఆయన బొరియ దగ్గరికి వచ్చింది. లోపలికి తొంగిచూసింది. మాటలు కూడదీసుకుని అడిగింది.

"అన్నయ్యా, మేళానికి కలిసి వెళ్దామా?"

"నీకెందుకమ్మా మేళం? భీమన్న గొంతు ఎలా ఉండేదో నీకు గుర్తుందా? ఇప్పుడు అది బొంగురుపోయి ఉంటుంది. వింటే ఉన్న జ్ఞాపకం కూడా చెడిపోతుంది."

"గొంతు ఎలా ఉందో చూడ్డానికి కాదు నేను వెళ్లేది" అంది నాంచారమ్మ. "నా గుట్టలో నా ఊపిరి తప్ప నాకు ఇంకో చప్పుడు వినపడదు. నలుగురి మధ్య కూర్చోవాలని ఉంది. ఒక్కదాన్నే వెళ్లాలంటే జంకుగా ఉంది. నువ్వు తోడుంటే..."

శరభయ్యకు ఒక్క క్షణం లేవాలనిపించింది. కాని నిన్న అందరి ముందూ అన్న మాట అడ్డొచ్చింది.

"రానన్నానుగా" అన్నాడు.

నాంచారమ్మ ఒక్కతే నెమ్మదిగా నడిచి వెళ్లింది.

పొద్దు వాలుతుండగా దూరంగా దరువు మొదలైంది. టక్, టక్, టకటక. శరభయ్య ఒంట్లో ప్రతి ముల్లూ ఆ దరువును గుర్తుపట్టింది. కాళ్లు వాటంతట అవే గుమ్మం దాకా వచ్చాయి. ఆయన పళ్లు బిగించి, ముందుకాళ్లతో మట్టి తోడి బొరియ నోరు పూడ్చి, లోపలి అడుగు దాకా దిగిపోయాడు. లోపలంతా చీకటి. చప్పుడు లేదు. గెలిచాను అనుకున్నాడు. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

బండ దగ్గర అడవి అంతా చేరింది. నాంచారమ్మ ఒక మూల నిలబడింది. ఒక జింక పక్కకు జరిగి చోటు ఇచ్చింది. ఆమె చుట్టుకుపోకుండా, మెల్లగా కూర్చుంది.

భీమన్న చాలా ముసలివాడయ్యాడు. బండ ఎక్కడానికి వడ్రంగిపిట్ట చేయూత ఇచ్చింది. గోరింక గండయ్య చోట కూర్చోలేదు. దాన్ని ఖాళీగా వదిలి, పక్కన నిలబడింది. అది చూసి ముసలి జింక కళ్లు తుడుచుకుంది.

కీచురాయి శ్రుతి పట్టింది. పాట మొదలైంది.

"కొండ దాటిపోయినా, కోన మారిపోయినా,
పిలిస్తే పలుకుతా, పిలిచి చూడు..."

'పిలిచి చూడు' దగ్గర స్వరం పైకి వెళ్లాలి. భీమన్న గొంతు పైకి వెళ్లి పగిలిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. దరువు ఆగింది. ముసలి కప్ప తల దించుకున్నాడు.

అప్పుడు వెనక వరుసలోంచి సన్నటి గొంతు ఒకటి లేచింది. "పిలిచి చూడు..."

మల్లి! దానితో పాటు దాని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందుకున్నారు. ఒక్క అక్షరం తప్పలేదు, ఒక్క విరుపు తప్పలేదు. భీమన్న తల ఎత్తాడు. కింది స్వరంలో తన బొంగురు గొంతు కలిపాడు. వడ్రంగిపిట్ట దరువు అందుకుంది. నెమలి కూడా తెలియకుండానే అడుగు కలిపింది. నాంచారమ్మ నోటి నుంచి కూడా పాట వచ్చింది. ఆమె గొంతు అందరూ అప్పుడే మొదటిసారి విన్నారు.

పాట అయ్యాక భీమన్న అడిగాడు. "పిల్లా, మేం పాడటం మానేశాక పుట్టినదానివి. నీకు ఈ పాట ఎవరు నేర్పారు?"

"శరభయ్య తాత" అంది మల్లి. "మా పొద ఆయన బొరియ పైనే ఉంది. రోజూ సాయంత్రం ఆయన లోపల పాడుకుంటాడు. మేం నేలకు చెవులు ఆనించి వింటాం. ఆయనకు తెలియదు. తెలిస్తే తిడతాడని చెప్పలేదు."

భీమన్న బండ అంచుకు జరిగాడు.

"ఇన్నేళ్లూ మమ్మల్ని బతికించింది ఆయనా! వెళ్లి పిలుచుకురామ్మా. ఆయన వచ్చాకే తర్వాతి పాట."

మల్లి పరుగెత్తింది. బొరియ దగ్గర నిలబడి పిలిచింది. కాళ్లతో నేల తన్ని పిలిచింది. మట్టి గట్టిగా పూడ్చి ఉంది. ఆ పిలుపు లోపలికి చేరలేదు. చీకటి పడేదాకా పిలిచి, ఏడుపు ముఖంతో తిరిగి వచ్చింది. భీమన్న బండ మీద చూస్తూ కూర్చున్నాడు. చివరికి శరభయ్య పేరు చెప్పి ఇంకొక పాట పాడి, మేళం ముగించాడు. తెల్లవారకముందే ఆ ముసలివాళ్లు వాగు వెంబడి వేరే అడవికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున శరభయ్య మట్టి తోసుకుని బయటికి వచ్చాడు. ఎవరూ చూడకుండా ఒక్కసారి బండ దాకా వెళ్లి రావాలనుకున్నాడు. బండ ఖాళీగా ఉంది. చుట్టూ గడ్డి నలిగిపోయి ఉంది. ఎడమవైపు గడ్డి మాత్రం నలగలేదు. రంగమ్మ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు.

కొంచెం దూరంలో నాంచారమ్మ చుట్టూ కుందేళ్లు చేరి ముచ్చట్లు పెట్టుకుంటున్నాయి. శరభయ్యను చూసి మల్లి గబగబా లేచింది. నిన్న జరిగిందంతా చెప్పింది.

"నన్ను... భీమన్న నన్ను పిలిచాడా?" అన్నాడు శరభయ్య.

"నీ కోసం చాలాసేపు ఆగాడు, అన్నయ్యా" అంది నాంచారమ్మ.

"మళ్లీ వస్తాడా?"

"ప్రతి అడవిలో ఒక్కసారే కదా, తాతా" అంది మల్లి. శరభయ్య వాగు పారే వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ముళ్లు అన్నీ కిందికి వాల్చాడు. నలిగిన గడ్డి మీద, కుందేళ్లకు కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"మల్లీ" అన్నాడు. "ఆయన ఎలా పాడాడో చెప్పవూ?"

మల్లి దగ్గరికి జరిగి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆయన వినడానికి పాట లేదు. పాట గురించిన మాటలే మిగిలాయి. శరభయ్య వాటినే చెవులు నిక్కించి విన్నాడు.

నీతి: ఇష్టమైనదాన్ని నాకొక్కడికే అని దాచుకునేవాడు దాన్నీ, తోడునూ పోగొట్టుకుంటాడు, పదిమందితో కలిసి పంచుకునేవారికి రెండూ దక్కుతాయి.