బిళ్ళగన్నేరుకు కత్తెర

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు నాగమాంబగారికి లేదు. ఎవరేమడిగినా ముందు చేతికో పని అప్పగించేవారు. చింతపండులో గింజలు తీయమనో, తొట్టి తోమమనో. పని ముగిసేసరికి కొందరికి ప్రశ్నే గుర్తుండేది కాదు. గుర్తున్నవాళ్ళకు ఆవిడ ఏదో ఒకటి చెప్పేవారు. అదీ ఒక ముక్కే.

ఎర్రమల కొండ వాలులో ఆవిడ ఆశ్రమం. రెండు రేకుల గదులు, ఒక వంటపాక, మిగిలిందంతా బండ. ఆ బండల సందుల్లో గంపలతో మట్టి పోయించి పూలమొక్కలు పెంచారు. నీళ్ళు అంతంతమాత్రం గనక రాతికి ఓర్చుకునేవే పెంచారు. నాచుపూలు, డిసెంబరాలు, అన్నిటికంటే ఎక్కువ బిళ్ళగన్నేరు.

ఆ వేసవిలో హైమావతి కొండెక్కి వచ్చింది. కింద ఊళ్ళో జాకెట్లు కుట్టే కొట్టు ఆమెది. భర్త పోయాక ఒక్క కత్తెరను నమ్ముకుని కూతురు ఇందుజను ఇంటరు దాకా చదివించింది. ఎప్పుడొచ్చినా అందరినీ పేరుపేరునా పలకరించే మనిషి, ఈసారి ఎవరి వంకా చూడకుండా వచ్చి నాగమాంబగారి ముందు కూలబడింది. ఆవిణ్ణి అక్కడ అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు.

"పిల్లల్ని అదుపులో పెట్టడం తప్పా పెద్దమ్మా?"

జరిగింది పెద్దమ్మకూ తెలుసు, ఊరికీ తెలుసు. ఇందుజ పరీక్ష తప్పింది. ఎవరో అబ్బాయితో మాట్లాడుతోందని కూడా బయటపడింది. హైమావతి ఫోను లాక్కుంది. స్నేహితురాళ్ళను గడప తొక్కవద్దంది. షటిల్ బ్యాటు అటకెక్కించింది. మేడమీద పడక మాన్పించింది. ఆఖరికి పిల్ల రోజూ పాలు పోసే పిల్లిని కూడా గోతాంలో వేయించి ఊరవతల వదిలిపెట్టించింది. ఇదంతా ఒక్క వారంలోనే. కొన్నాళ్ళు ఏడుస్తుంది, తర్వాత అదే దారికొస్తుంది అనుకుంది.

ఇందుజ దారికి రాలేదు. చచ్చిపోవాలని చూసింది. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టబట్టి దక్కింది. ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికి వచ్చింది గాని మాట రాలేదు. పెడితే తింటుంది, పెట్టకపోతే లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. పిల్ల కళ్ళు మూసుకున్నప్పుడల్లా హైమావతి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది.

"ఆ పెద్ద రాతిగుండు పక్కన బిళ్ళగన్నేరు ఉండాది చూడు," అన్నారు పెద్దమ్మ. "పైపైకి పోయి ఒరిగిపోతాంది. కాస్త కత్తిరించి రాపో."

కత్తెర హైమావతి సంచిలోనే ఉంది. అది లేకుండా ఆమె గడప దాటదు.

ముదురు మొక్క. కింద కొమ్మలన్నీ బోడిగా చెక్కబారి ఉన్నాయి. ఆకూ పువ్వూ అంతా కొసల్లోనే. ఏది ఉంచాలో ఏది తీయాలో ఆమె ఎక్కువసేపు చూడలేదు. జానెడు ఎత్తున కంటితోనే గీత గీసుకుని, ఆ గీత వెంబడి చుట్టూ కోసుకుంటూ పోయింది. మొగ్గలు, పూలు, ఆకులు కుప్పగా పడ్డాయి. పసరు చేదు వేళ్ళకంటుకుంది. చివరికి సమంగా, ముచ్చటగా, కొన్ని పుల్లలు మిగిలాయి. ఇన్నాళ్ళకు తన చేతులు తన మాట విన్నట్టు అనిపించింది ఆమెకు.

ఆశ్రమంలో వంట చేసే ఓబులమ్మ పాకలోంచి తొంగిచూసింది. "ఏందమ్మే, జాకెట్టు చేతులకు పట్టినట్టు కొలత పట్టినావే."

"చిగురేస్తుందిలే ఓబులక్కా. మొండిగా పెరిగినదాన్ని ఇట్లాగే చేయాల."

"ఊఁ. ఆ సంగతి దానికి చెప్పినావా మరి?" అని ఓబులమ్మ లోపలికి పోయింది.

అంతసేపూ దూరం నుంచి గమనిస్తున్న పెద్దమ్మ వచ్చి మొక్కను చూశారు. హైమావతి మొహాన్ని చూశారు. తన పనిమీద వెళ్ళిపోయారు.

హైమావతి మళ్ళీ వచ్చినప్పుడు పుల్లలు పుల్లల్లాగే ఉన్నాయి. చెంబుతో నీళ్ళు పోసింది. ఆ పై వారం ఎండ పడకుండా తాటాకు అడ్డం పెట్టింది. కొండ కింద తొలకరి పడి గడ్డి కూడా పచ్చబడింది. పుల్లలు మాత్రం నల్లబడ్డాయి.

అవి చూసిన రోజు ఆమె ఇక ఆపుకోలేకపోయింది. "నేను మొదలంటా కోస్తా ఉంటే చూస్తానే ఉంటిరి కదా పెద్దమ్మా. ఒక్క మాట అనుంటే ఆగేదాన్ని."

"మొక్క పోతే ఇంకోటి నాటుకుంటాను," అన్నారు పెద్దమ్మ. "ఈసారి పాపను పిల్చుకోని రా."

ఇందుజ రానని అనలేదు. వస్తాననీ అనలేదు. ఆటో ఎక్కమంటే ఎక్కింది, దిగమంటే దిగింది. పెద్దమ్మ ఆ పిల్లకు బుద్ధులు చెప్పలేదు, ఎట్లా ఉన్నావని కూడా అడగలేదు. గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చి తన పనిలో పడ్డారు. ఇందుజ సగం తాగి, గ్లాసు పట్టుకునే లేచి, బండల మధ్య అటూ ఇటూ తిరిగి, పెద్ద గుండు దగ్గర ఆగింది.

హైమావతి వెనకే వెళ్ళింది. వెళ్ళి ఊరికే నిలబడలేకపోయింది. పక్క సందులో ఇంకో బిళ్ళగన్నేరు అప్పుడే ఒక వైపుకు ఒరుగుతోంది. దీన్నయినా సరిగ్గా చేయాలనుకుని సంచిలోంచి కత్తెర తీసింది.

ఇందుజ ఎండిన మొక్క ముందు గొంతుక్కూర్చుంది. గోటితో ఒక పుల్ల మీది బెరడు గీకింది. లోపల గోధుమరంగు. ఇంకాస్త కిందికి గీకింది. అక్కడా అదే. మట్టి దాకా గీకింది. గీకి, చేతిని అక్కడే ఉంచేసింది.

"అన్నీ తీసేస్తే," అంది. మాట్లాడక మాట్లాడక గొంతు బొంగురుపోయి ఉంది. "అన్నీ తీసేస్తే ఇంక దేంతో బతకాలమ్మా అది?"

కత్తెరతోనే హైమావతి ఇటు తిరిగింది. తన బిడ్డ మాట్లాడింది. అమ్మా అంది. దగ్గరికి పోవాలనుకుంది, పట్టుకోవాలనుకుంది. కాని వాటన్నిటికంటే ముందు నోరు లేచింది.

"దాని మంచికే కదే నేను..."

వెనకనుంచి పెద్దమ్మ వచ్చి చెయ్యి చాపారు.

"హైమా, ఆ కత్తెర ఇట్లియ్యి."